ఎల్క్ వేటకు ఏ తూటా: పేరు కన్నా బుల్లెట్ ఎందుకు ముఖ్యం

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు సిద్ధమయ్యే కొత్తవారిని తుపాకుల దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది తూటాల అర. 1906లో పుట్టిన తూటా, 1925లో పుట్టిన తూటా, 1963లో పుట్టిన తూటా అక్కడ పక్కపక్కనే ఉంటాయి. వాటికి తోడు ఈ శతాబ్దంలో 6.5 క్రీడ్‌మూర్, 6.5 పీఆర్‌సీ, 6.8 వెస్టర్న్, 7 ఎంఎం పీఆర్‌సీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. ప్రతి కొత్త తూటాతోపాటు పాతవన్నీ ఇక చాలవన్న ప్రచారం కూడా వస్తుంది. అదే అడవిలో, అదే జంతువుపై నూరేళ్లకు పైగా పనిచేసిన తూటా ఉన్నట్టుండి ఎలా చాలకుండా పోతుందన్న సందేహం సహజమే.

సంక్షిప్తంగా: ఎల్క్ వేటలో తూటా పేరు కన్నా అందులోని బుల్లెట్ నిర్మాణం, దాన్ని పేల్చే మనిషి రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు ఎంత ఓర్చుకోగలడు, ఎంత దూరం నుంచి కాల్చబోతున్నాడు అన్న మూడు విషయాలకే ఎక్కువ బరువుంది. చట్టం అడిగే కనీస శక్తి చాలా తూటాలకు అవలీలగా ఉంది. కొత్త తూటాల లాభం నిజమైనదే, కానీ అది కనిపించేది దూరాలు బాగా పెరిగాకే.

తూటా వేరు, బుల్లెట్ వేరు

తెలుగు పత్రికల్లో తూటా, బుల్లెట్ అన్న మాటలు ఒకదాని బదులు ఒకటి వాడటం అలవాటు. ఇక్కడ మాత్రం తేడా పాటించక తప్పదు. తూటా అంటే ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్ అన్నీ కలిసిన మొత్తం. గొట్టం నుంచి వెలువడి జంతువును తాకేది బుల్లెట్ ఒక్కటే. తొడుగు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ మందు పడుతుంది, అంత వేగం వస్తుంది. ఒకే తొడుగులో తేలికైన బుల్లెట్లూ, బరువైనవీ, మెత్తనివీ, గట్టివీ బిగించి అమ్ముతారు కాబట్టి తూటా పేరు చెప్పినంత మాత్రాన అది జంతువు మీద ఎలా పనిచేస్తుందో తెలియదు.

పేర్లకు ఒక పద్ధతంటూ లేకపోవడం రెండో చిక్కు. అమెరికన్లు థర్టీ ఆట్ సిక్స్ అని పిలిచే .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదటి అంకె అంగుళంలో గొట్టం వ్యాసం, రెండోది అమెరికా సైన్యం దాన్ని స్వీకరించిన 1906వ సంవత్సరం. 1952లో వచ్చిన .308 వించెస్టర్ పేరులోని అంకె బుల్లెట్ అసలు వ్యాసం; .30-06లో బిగించేదీ అదే వ్యాసం బుల్లెట్. .270 వించెస్టర్ బుల్లెట్‌ను కొలిస్తే .277 అంగుళాలు వస్తుంది. మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ కథ కూడా ఇలాంటిదే. దాని బుల్లెట్ వ్యాసం .311 అంగుళాలు. పేరులో పెద్ద అంకె ఉంటే పెద్ద బలమన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

వేటాడేది ఏ జంతువును

ఉత్తర అమెరికాలో ఎల్క్ అంటే వాపిటి, మన నల్లమలలో తిరిగే కణుజుకు పెద్ద బంధువు. మగ కణుజు బాగా పెరిగితే 250 కిలోలు దాటవచ్చు. రాకీ పర్వతాల మగ ఎల్క్ సగటున 320 కిలోలు, ఆడది 225 కిలోల దాకా తూగుతుంది. బ్రిటన్‌లోనూ ఐరోపాలోనూ ఎల్క్ అన్న మాటకు అమెరికన్లు మూస్ అనే ఇంకా పెద్ద జంతువు అని అర్థం. ఐరోపా వేటగాళ్ల సలహాలు చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే లెక్కలన్నీ తారుమారవుతాయి.

బరువు కన్నా దాని శరీర నిర్మాణమే తూటా ఎంపికను నిర్ణయిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం అడుగుకు పైగా వెడల్పుంటుంది కాబట్టి గురి పెట్టడానికి చోటుకు కొదవ లేదు. అయితే అక్కడికి చేరాలంటే బుల్లెట్ దళసరి చర్మాన్నీ, పక్కటెముకలనూ, జంతువు కొంచెం వాలుగా నిలబడి ఉంటే లావైన భుజపు ఎముకనూ దాటాలి. జంతువు త్వరగా పడిపోయేది రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిని, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినప్పుడే. దెబ్బ అటూ ఇటూ అయితే గాయపడిన ఎల్క్ లోయలు దాటి కిలోమీటర్ల దూరం వెళ్లిపోగలదు. తూటా గురించిన వాదాలన్నీ చివరికి ఈ ఒక్క భయం చుట్టూనే తిరుగుతాయి.

చట్టం అడిగేది ఎంత

అమెరికాలో వేట నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ ఎల్క్‌లున్న కొలరాడోలో రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం వ్యాసం) ఉండాలి, తగలగానే విచ్చుకునే బుల్లెట్ వాడాలి, ఎల్క్‌కూ మూస్‌కూ ఆ బుల్లెట్ 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, 100 గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు, 85 గ్రెయిన్లు అయిదున్నర గ్రాములే. ఒరెగాన్‌లోనూ కింది గీత .24 క్యాలిబరే. మోంటానా అయితే రైఫిల్ క్యాలిబర్‌కు ఎలాంటి పరిమితీ పెట్టకుండా ఆ విచక్షణను వేటగాడికే వదిలేసింది.

స్వీడన్ చట్టం ఇంతకన్నా లోతుగా ఆలోచించినట్టు కనిపిస్తుంది. మూస్ వంటి పెద్ద జంతువులకు 10 గ్రాములు, ఆపైన బరువున్న బుల్లెట్ వాడితే 100 మీటర్ల దగ్గర 2,000 జౌళ్ల శక్తి ఉంటే చాలు. 9 నుంచి 10 గ్రాముల మధ్య బుల్లెట్ అయితే 2,700 జౌళ్లు కావాలి. అంటే బరువు కొంచెం తగ్గితే శక్తి మూడో వంతు పైగా పెరగాలి. శక్తి ఒక్కటే చూస్తే సరిపోదని, బుల్లెట్ బరువు తనంతట తానే ఒక గుణమని ఆ చట్టం ఒప్పుకుంటోంది. కొలరాడో అడిగే 1,000 అడుగు-పౌండ్లను జౌళ్లలోకి మారిస్తే దాదాపు 1,356 వస్తుంది. స్వీడన్ కనీసంతో పోలిస్తే అది బాగా తక్కువ.

వేటగాళ్ల నోట ఇంకో అంకె వినిపిస్తుంది: ఎల్క్‌ను తాకేసరికి బుల్లెట్‌లో 1,500 అడుగు-పౌండ్లు మిగిలి ఉండాలని. ఇది చట్టం కాదు, అనుభవం నుంచి పుట్టిన మోటు కొలత. శక్తి లెక్కలో వేగం వర్గమవుతుంది, బరువు మామూలుగానే ఉంటుంది కాబట్టి తేలికైన వేగపు బుల్లెట్ కాగితం మీద ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది. అదే బుల్లెట్ భుజపు ఎముకను తాకి ముక్కలైతే కాగితం మీది శక్తి ఎందుకూ కొరగాదు.

అర్ధ శతాబ్దపు వాదం

ఇరవయ్యో శతాబ్దం నడుమ అమెరికా వేట పత్రికల్లో ఈ ప్రశ్న మీద పెద్ద తగవే నడిచింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో పాత్రికేయం బోధించి, తరువాత అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో తుపాకుల శీర్షిక నడిపిన జాక్ ఓ'కానర్ .270 వించెస్టర్‌ను జీవితాంతం సమర్థించాడు. 130 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 3,060 అడుగుల వేగంతో దాదాపు తిన్నగా వెళుతుంది కాబట్టి, దూరం అంచనాలో కొంత పొరపాటు పడ్డా గురి తప్పదన్నది అతని వాదం. ఐడహో కొండల్లో పశువుల కాపరిగా, వేట మార్గదర్శిగా బతికిన ఎల్మర్ కీత్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. కష్టమైన కోణం నుంచి తగిలినా లోపలికి దూసుకుపోయే లావైన, బరువైన బుల్లెట్లే ఎల్క్‌కు తగినవని అతను వాదించాడు. 1958లో వచ్చిన .338 వించెస్టర్ మాగ్నం (మాగ్నం అంటే మామూలు కన్నా ఎక్కువ మందు పట్టే బలమైన తూటా) అతని ఆలోచనకు బాగా దగ్గర.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆ కాలంలో సామాన్య వేటగాడి చేతిలో దూరం కొలిచే లేజర్ పరికరం లేదు కాబట్టి ఓ'కానర్ చెప్పిన తిన్నని మార్గానికి ఎంతో విలువ ఉండేది. ఆనాటి బుల్లెట్లు తరచు ముక్కలయ్యేవి కాబట్టి బరువును నమ్ముకున్న కీత్ మాటా నిజమే. ఆ రెండు పరిస్థితులూ ఇప్పుడు లేవు. అయినా ఆ పాత వాదాన్ని అవే మాటలతో కొనసాగించేవారికి మాత్రం కొదవ లేదు.

అసలు మార్పు బుల్లెట్‌లో

1946లో ఒరెగాన్‌కు చెందిన జాన్ నోస్లర్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్లాడు. అతని చేతిలో ఉన్నది అప్పటికి బలమైనదిగా పేరున్న .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నం. అయినా ఒంటికి బురద పట్టి ఉన్న మూస్‌ను కొట్టిన బుల్లెట్లు లోతుకు చేరకుండానే పగిలిపోయాయి. లోపం శక్తిలో కాదు. వేగం పెరిగే కొద్దీ మెత్తని సీసం, పలచని రాగి పొర ఆ దెబ్బకు నిలవలేకపోవడంలో ఉంది. అతను 1948లో అమ్మకానికి తెచ్చిన పార్టిషన్ బుల్లెట్‌లో ముందు సీసానికీ వెనక సీసానికీ నడుమ రాగి మిశ్రమంతో ఒక అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం విచ్చుకుని గాయాన్ని వెడల్పు చేస్తుంది, వెనక భాగం చెదరకుండా లోతుకు దిగుతుంది. పెద్ద మాగ్నం చేయలేని పనిని బుల్లెట్ లోపలి ఒక గోడ చేసి చూపించింది.

తరువాతి దశాబ్దాల్లో సీసాన్ని రాగి పొరకు కరిగించి అతికించే బాండెడ్ బుల్లెట్లు, ఆపైన సీసమే లేని పూర్తి రాగి బుల్లెట్లు వచ్చాయి. రాగి బుల్లెట్ మూతి పువ్వు రేకుల్లా విచ్చుకున్నా తన బరువును దాదాపు అంతా నిలుపుకుంటుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. రాగి సాంద్రత సీసం కన్నా తక్కువ కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. పొడవైన బుల్లెట్ గాలిలో తిన్నగా నిలవాలంటే గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాళ్లు, అంటే మరలు, దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి. పైగా రాగి విచ్చుకోవడానికి తగిలే క్షణంలో ఎక్కువ వేగం కావాలి. ఈ తరహా బుల్లెట్లలో చాలావాటికి సెకనుకు 1,800 అడుగులకు పైన ఉంటే మంచిదని చెబుతారు. అందుకే రాగికి మారేవారు సీసంలో 180 గ్రెయిన్లు వాడే చోట 165 లేదా 150కి దిగుతారు. కాలిఫోర్నియాలో ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు: చనిపోయిన జంతువుల్లో మిగిలిన సీసపు తునకలు తిని కాండోర్ రాబందులు సీసపు విషానికి గురవుతున్న కారణంగా 2019 జూలై 1 నుంచి ఆ రాష్ట్రంలో వేటకు సీసపు తూటాలను పూర్తిగా నిషేధించారు.

6.5 క్రీడ్‌మూర్ ఎల్క్‌కు చాలుతుందా అన్న నేటి వివాదాన్ని ఈ వెలుగులో చూడాలి. బుల్లెట్ బరువును దాని వ్యాసపు వర్గంతో భాగిస్తే వచ్చే సెక్షనల్ డెన్సిటీ, అది ఎంత లోతుకు దిగగలదో చెప్పే ఒక స్థూలమైన సూచిక. 143 గ్రెయిన్ల 6.5 ఎంఎం బుల్లెట్‌కు అది 0.293; .30-06లోని 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.271. సన్నగా, పొడవుగా ఉండటం వల్ల చిన్న బుల్లెట్ లోతు విషయంలో వెనకబడదు. 1894లో స్వీడన్ సైన్యం చేపట్టిన 6.5×55తో అక్కడి వేటగాళ్లు 10 గ్రాముల బరువైన బుల్లెట్లు వాడి తరతరాలుగా మూస్‌ను వేటాడుతున్నారు. అయితే సన్నని బుల్లెట్ చేసే గాయమూ సన్ననిదే. వాలుగా తగిలినప్పుడు లావైన బుల్లెట్ ఇచ్చే వెసులుబాటు ఇది ఇవ్వదు. జంతువు పక్కకు తిరిగి నిలబడే దాకా ఆగగల వేటగాడికి ఇది చాలుతుంది, తొందరపడేవాడికి చాలదు.

భుజం ఓర్చుకునేది ఎంత

తూటా బలం పెరిగితే రైఫిల్ వెనక్కి తన్నే తన్ను, అంటే రీకాయిల్, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. బుల్లెట్‌తోపాటు మందు పుట్టించిన వాయువులు కూడా ముందుకు దూకుతాయి, ఆ రెండింటికీ ప్రతిగా రైఫిల్ వెనక్కి కదులుతుంది. ఎనిమిది పౌండ్ల, అంటే సుమారు 3.6 కిలోల రైఫిల్‌ను అన్నిటికీ సమానంగా తీసుకుని లెక్క కడితే 6.5 క్రీడ్‌మూర్ దాదాపు 12 అడుగు-పౌండ్ల శక్తితో తంతుంది, .30-06 దాదాపు 20తో, .300 వించెస్టర్ మాగ్నం 27తో, .338 వించెస్టర్ మాగ్నం 33తో. మొదటిదానికీ చివరిదానికీ తేడా రెండున్నర రెట్లకు పైనే. కొండలెక్కడానికి అనువుగా రైఫిల్ బరువు తగ్గిస్తే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

దెబ్బ భుజానికి తగిలినా నష్టం ట్రిగ్గర్ మీది వేలికి. తన్నుకు భయపడిన శరీరం పేలుడుకు క్షణం ముందే బిగుసుకుంటుంది, కన్ను మూసుకుంటుంది, వేలు ట్రిగ్గర్‌ను నొక్కడం మాని గుంజుతుంది. పైగా ఇరవై తూటాలు కాల్చేసరికి భుజం నొప్పి పుట్టేవాడు ఏడాదిలో మరోసారి సాధన చేయడు. మాగ్నం కొని సంవత్సరానికి పది తూటాలు కాల్చే వేటగాడి కన్నా .308తో రెండొందలు కాల్చే వేటగాడే ఎల్క్‌కు తక్కువ బాధ కలిగిస్తాడని చెప్పడానికి ఏ పట్టికా అక్కర్లేదు. తొలిసారి ఎల్క్‌కు వెళ్లేవారికి .270, .308, .30-06 వంటి మధ్యస్థ తూటాలు ఇప్పటికీ మెరుగైన ఎంపికగా కనిపించేది పాత అభిమానం వల్ల కాదు, ఈ లెక్క వల్లే.

దూరం పెరిగితే

200 గజాలకు గురి సరిచేసిన రైఫిల్‌తో 300 గజాల దగ్గర .30-06 బుల్లెట్ సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది, .300 వించెస్టర్ మాగ్నం సుమారు 7. అడుగుకు పైగా వెడల్పున్న గురి మీద అంగుళం తేడా పెద్ద లెక్కలోది కాదు. 400 గజాలకు అవి 23, 20 అంగుళాల దగ్గరికి చేరతాయి. దూరం ఖచ్చితంగా కొలిచే లేజర్ పరికరం జేబులో ఉండగా ఈ దిగుడును టెలిస్కోపు మీద ముందే సరిచేసుకోవచ్చు. సరిచేసుకోలేనిది గాలి. లోయ ఇవతల గాలి ఒక వైపు, నడుమ ఇంకో వైపు, ఎల్క్ నిలబడ్డ చోట మరో వైపు వీస్తుంది. దాన్ని కొలిచే పరికరం వేటగాడి దగ్గర ఉన్నా అది అతను నిలబడ్డ చోటి గాలినే చెబుతుంది.

కొత్త తూటాల అసలు ప్రయోజనం ఇక్కడ ఉంది. .270 గొట్టాలను మొదటినుంచీ పది అంగుళాలకొక చుట్టు తిరిగే మరలతో చేశారు. అవి పొడవైన, బరువైన బుల్లెట్లను నిలకడగా తిప్పలేవు. 2021లో వచ్చిన 6.8 వెస్టర్న్ అదే .277 వ్యాసపు బుల్లెట్‌ను వాడినా మరలు వేగంగా తిరుగుతాయి కాబట్టి 165, 175 గ్రెయిన్ల సన్నని పొడవాటి బుల్లెట్లను మోయగలదు. 1962 నాటి 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నంకూ 2022 నాటి 7 ఎంఎం పీఆర్‌సీకీ ఉన్న తేడా చాలావరకు ఇదే. ఇలాంటి బుల్లెట్లు గాలిని చీల్చుకుపోయేటప్పుడు వేగం నెమ్మదిగా కోల్పోతాయి, పక్కగాలికి తక్కువగా కొట్టుకుపోతాయి. పాత తూటాల గొట్టాలనే వేగమైన మరలతో చేస్తే ఈ లాభంలో చాలా భాగం దక్కేది. కానీ పాత రైఫిల్ ఉన్నవాడి చేత కొత్త రైఫిల్ కొనిపించడానికి కొత్త పేరు అవసరమన్న వ్యాపార సత్యం కూడా ఇందులో కలిసి ఉంది.

మోటు కొలతైన 1,500 అడుగు-పౌండ్లనే తీసుకుంటే 6.5 క్రీడ్‌మూర్ దాదాపు 400 గజాల దగ్గర ఆ గీతను తాకుతుంది, .30-06 సుమారు 450 గజాల దాకా, .300 వించెస్టర్ మాగ్నం బుల్లెట్‌ను బట్టి 600 గజాల దరిదాపులకు వెళుతుంది. 400 దాటాక తడబడకుండా గురి పెట్టగలిగేవారు ఎంతమంది అన్నది తూటా జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు.

ఎత్తు సంగతి కూడా ఒకటి ఉంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే హ్యూస్టన్ వంటి ఊళ్లో గురి సరిచేసుకుని కొలరాడోలో 3,000 మీటర్ల ఎత్తుకు వెళితే అక్కడి గాలి నాలుగో వంతుకు పైగా పలచన. బుల్లెట్‌కు అడ్డు తగ్గి, ఎక్కువ దూరాల్లో అది అనుకున్న చోటు కన్నా కొంచెం పైన తగులుతుంది. వేట మొదలయ్యే ముందు అక్కడికక్కడే రెండు మూడు తూటాలు కాల్చి చూసుకోవడం ఇందుకే.

కొనేముందు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఇలాంటి వేటకు తావు లేదు కాబట్టి ఈ చర్చ తెలుగువారికి తగిలేది అమెరికాలో స్థిరపడినవారి దగ్గరే. ఎఫ్-1, హెచ్-1బీ వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట అనుమతిపత్రం ఉండటం ఆ చట్టంలోని మినహాయింపుల్లో ఒకటి. దాని గడువు తీరితే మినహాయింపూ తీరుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట భద్రతా శిక్షణ పూర్తి చేస్తేనే అనుమతిపత్రం దొరుకుతుంది. తూటాల పెట్టె ధరలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వసూలయ్యే 11 శాతం పన్ను కలిసి ఉంటుంది, ఆ సొమ్ము వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది.

ఇక దుకాణంలో దొరకడం. 2020, 2021లో అమెరికా అంతటా తూటాల అరలు ఖాళీ అయినప్పుడు పాత, కొత్త అన్న తేడా లేకుండా అందరూ వెతుక్కున్నారు. మామూలు రోజుల్లో అయితే కొండ దారిలోని చిన్న ఊరి సామాన్ల దుకాణంలో .30-06, .270, .308, .300 వించెస్టర్ మాగ్నం ఏదో ఒక బరువులో దొరికే అవకాశం ఎక్కువ, నిన్న మొన్న వచ్చిన తూటాకు ఆ హామీ లేదు. విమానంలో వెళ్లేవారికి ఇది ఇంకా ముఖ్యం: అమెరికా విమానయాన సంస్థల్లో చాలావాటి నియమం ప్రకారం తనిఖీకి ఇచ్చే సామానులో 11 పౌండ్లకు, అంటే సుమారు 5 కిలోలకు మించి తూటాలు తీసుకెళ్లకూడదు, ఆ సామాను దారి తప్పితే వేట ముందురోజు సాయంత్రం కొనుక్కోవాల్సింది ఆ చిన్న దుకాణంలోనే. అక్కడ దొరికిన పెట్టెలోని బుల్లెట్ బరువు ఇంటి దగ్గర సాధన చేసిన దానికి సరిపోలకపోతే గురి మళ్లీ మొదటినుంచి సరిచేసుకోవాల్సి వస్తుంది.